బాపట్లలో చేరిన అమ్మాయికి

చిట్టితల్లీ,

హాస్టల్ గది, మెస్ సంగతులు ఫోన్లో మాట్లాడుకుందాం. చదువు సంగతి మాత్రం ఫోన్లో చెబితే "ఊఁ" కొట్టి మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

బైపీసీ నుంచి వచ్చిన పిల్లలకు అగ్రికల్చర్ బీఎస్సీలో మొదటి దెబ్బ లెక్కల్లోనే తగులుతుంది. ఎరువుల లెక్కే తీసుకో. వరికి ఎకరాకు నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు ఇవ్వాలని ప్రశ్న వచ్చిందనుకో. ఎప్పుడూ భాస్వరంతో మొదలుపెట్టు. డీఏపీ ఎరువులో భాస్వరం 46 శాతం, కాబట్టి 52 కిలోల డీఏపీ కావాలి. అందులోనే 18 శాతం నత్రజని కూడా ఉంది, అంటే 9.4 కిలోలు. దాన్ని 48లోంచి తీసేస్తే మిగిలేది 38.6. యూరియాలో నత్రజని 46 శాతం గనక 84 కిలోల యూరియా. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువులో పొటాష్ 60 శాతం, 27 కిలోలు చాలు.

డీఏపీలో వచ్చిన నత్రజనిని తీసేయడం మర్చిపోతే యూరియా 104 కిలోలకు ఎక్కుతుంది. పరీక్షలో పోయేది రెండు మార్కులే. పొలంలో అయితే ఆ అదనపు 20 కిలోలకు పైరు ముదురాకుపచ్చగా, మెత్తగా పెరిగి సుడిదోమనూ అగ్గితెగులునూ పిలుస్తుంది. మీ బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలైన వరి రకం బీపీటీ 5204కి ఈ రెండింటినీ తట్టుకునే శక్తి మొదట్నుంచీ తక్కువే. ఇంకో రెండు చోట్ల జాగ్రత్త: సిఫారసు హెక్టారుకు ఇచ్చి జవాబు ఎకరాకు అడుగుతారు, 2.5తో భాగించాలి; పాత పుస్తకాల్లో యూరియా బస్తా 50 కిలోలని ఉంటుంది, ఇప్పుడు వచ్చేది 45.

ఎంటమాలజీలో, అంటే పురుగుల శాస్త్రంలో, పురుగులు పట్టి పెట్టెలో గుచ్చిపెట్టే పని చివరి వారానికి వాయిదా వేయొద్దు. అప్పుడు అందరూ హాస్టల్ లైటు కింద దొరికినవే ఏరుకుంటారు, అందరి పెట్టెల్లోనూ అవే పెంకుపురుగులు. పైరు మారినప్పుడల్లా నాలుగైదు పట్టుకో. పట్టిన పురుగులను చంపే ఇథైల్ ఎసిటేట్ సీసాలు రెండు పెట్టుకో: సీతాకోకచిలుకలను పెంకుపురుగులతో కలిపి వేస్తే అవి కొట్టుకునే కొట్టుడుకు రెక్కల పొలుసులు రాలిపోతాయి. పెంకుపురుగుకు సూది కుడి పైరెక్కలోంచి గుచ్చాలి, సీతాకోకచిలుకకు ఉరస్సు మధ్యలోంచి. ఎండి బిగుసుకున్న పురుగు రెక్క విప్పబోతే విరుగుతుంది. తడి ఇసుక పోసిన మూత డబ్బాలో, బూజు పట్టకుండా రెండు చుక్కలు ఫినాల్ వేసి, ఒక రోజు ఉంచితే మెత్తబడుతుంది. ఊరు, తేదీ, ఏ పైరు మీద దొరికింది, ఈ మూడూ ఉన్న చీటీ లేకపోతే ఎంత అందమైన పురుగైనా చెత్తే. నాఫ్తలీన్ ఉండ మర్చిపోతే చీమలు రాత్రికి రాత్రే పెట్టె ఖాళీ చేస్తాయి.

మట్టి నమూనా సులువే. పొలమంతా తిరిగి ఎనిమిది, పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, అంచు వెంబడి పై నుంచి కింది దాకా ఒకే మందాన చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలోకు తగ్గించాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంట పోసిన చోట తీయకూడదు. నీడలోనే ఆరబెట్టు.

నాలుగో ఏడు రావే కింద, అంటే రైతుల మధ్య ఉండి పని నేర్చుకునే కార్యక్రమం కింద, పల్లెలో ఉంచుతారు. రైతు మొదటి ప్రశ్నే "ఎకరాకు ఎన్ని బస్తాలమ్మా?" అని. శాతాలు, కిలోలు ఆయనకు అక్కర్లేదు. పైన చెప్పిన లెక్కను ఇప్పట్నుంచే బస్తాల్లో చెప్పడం అలవాటు చేసుకో: డీఏపీ బస్తా మీద రెండు కిలోలు, యూరియా రెండు బస్తాలకు ఆరు కిలోలు తక్కువ. ఆ యూరియాను మూడు దఫాలుగా వేయించు. పైపాటుగా, అంటే నిలిచిన పైరు మీద, వేసేటప్పుడు మడిలో నీళ్లు తీయించి, బురద పదునులో చల్లించి, 36 నుంచి 48 గంటలయ్యాకే మళ్లీ నీళ్లు కట్టమను.

హాజరు 75 శాతం దాటితేనే పరీక్షకు కూర్చోనిస్తారు, ప్రాక్టికల్స్‌కు కూడా. దసరాకు వచ్చేటప్పుడు రికార్డులు తీసుకురా, బొమ్మలు చూస్తాను.

మీ నాన్న