అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ: సెలబ్రిటీలు చెక్కులకేనా, ప్రశ్నలకి పనికిరారా?

తెలంగాణ అటవీ శాఖ మంత్రిగారికి నమస్కారం.

సెలబ్రిటీలు దత్తత తీసుకున్న అడవుల గురించి, అడవి కోసం మాట్లాడినవాళ్లకి ఎదురవుతున్న దాని గురించి ఇంతకుముందు అర్జీలు పెట్టాం, మెయిల్స్ పెట్టాం, ఒక ఆఫీసుకెళ్లి చేతికే ఇచ్చొచ్చాం. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను, అక్కడ కూర్చున్న చిన్న ఉద్యోగిని ఇబ్బంది పెట్టడం మా ఉద్దేశం కాదు. స్టాంపు వేసిచ్చారు, అంతే, ఆ తర్వాత ఎవరూ పలకలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సొస్తోంది.

అడవుల దత్తత, అంటే ఒక అడవి బాగు కోసం డబ్బిచ్చి బాధ్యత తీసుకోవడం, గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. 2020 సెప్టెంబర్‌లో ప్రభాస్ గారు ఖాజీపల్లి రిజర్వ్ ఫారెస్టు 1,650 ఎకరాలు దత్తత తీసుకుని 2 కోట్లు ఇచ్చారు, 2022 ఫిబ్రవరిలో నాగార్జున గారు చెంగిచర్లలో 1,080 ఎకరాలకి ఇంకో 2 కోట్లు ఇచ్చారు, ఉపాసన గారు జూ పార్కులో ఏనుగుని దత్తత తీసుకున్నారు. వాళ్ల మనసు మంచిది, వాళ్ల మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నా బాధంతా ప్రభుత్వంతోనే. అది ఆ ప్రభుత్వమైనా ఈ ప్రభుత్వమైనా. చెక్కు ఇచ్చిన రోజు నాయకులు, అధికారులు, కెమెరాలు అందరూ ఉంటారు, ఆ తర్వాత ఆ ఎకరాల్లో ఎన్ని మొక్కలు బతికాయి, కంచె నిలబడిందా, ఎండాకాలం మంటలొస్తే ఆర్పడానికి మనుషులున్నారా, వాళ్లకి నెలనెలా జీతం పడుతోందా అని మాలాంటి వాళ్లు అడిగితే మాత్రం చెప్పే మనిషి దొరకడు.

సరే, డబ్బు లెక్క తర్వాత మాట్లాడుకుందాం. నన్ను ఎక్కువ కలిచివేసింది కంచ గచ్చిబౌలి.

2019 గుర్తుందా మంత్రిగారూ? యురేనియం తవ్వకాల పేరుతో నల్లమల అడవిలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వు జోలికి వస్తారని తెలిసినప్పుడు సమంత, విజయ్ దేవరకొండ, శేఖర్ కమ్ముల, పవన్ కళ్యాణ్ అందరూ 'సేవ్ నల్లమల' అన్నారు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ నాయకులూ గొంతు కలిపారు. చెంచుపెంటల్లో, అంటే అక్కడి చెంచు గిరిజనుల గూడేల్లో, వాళ్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్న మాటే అది, సినిమావాళ్లు అనేసరికి రాష్ట్రం మొత్తానికి వినపడింది, ఆ సెప్టెంబర్‌లోనే యురేనియం తవ్వకాలు వద్దని అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. సెలబ్రిటీ పేరుకి ఉన్న అసలు బలం అదీ. 2 కోట్ల చెక్కు కంటే అది పెద్దది.

మరి 2025లో ఏమైంది? కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల్లోకి మార్చి నెలాఖరులో జేసీబీలు దిగాయి, అడ్డుపడ్డ విద్యార్థుల్ని పోలీసులు లాక్కెళ్లారు. సినిమా నటి దియా మీర్జా దీని మీద మాట్లాడారు. ఆమె మన హైదరాబాద్ అమ్మాయే, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియాకి అంబాసిడర్‌గా ఏనుగుల దారుల కోసం పనిచేసిన మనిషి, జంతువుల గురించి మాట్లాడటం ఆమెకి కొత్త కాదు. దానికి ప్రభుత్వం నుంచి వచ్చిన జవాబు ఏంటంటే ఇదంతా ఏఐతో (కంప్యూటర్‌తో) తయారుచేసిన బొమ్మలు, చర్యలు తీసుకుంటాం అని. నేను ఒక్క ఏఐ బొమ్మ కూడా పెట్టలేదని ఆమే చెప్పుకోవాల్సొచ్చింది. ఇదే విషయంలో ఒక ఐఏఎస్ అధికారిణికి కూడా పోలీసు నోటీసు వెళ్లింది.

ఏఐ బొమ్మలు తిరిగిన మాట నిజమే, అది తప్పే, ఒప్పుకుంటాం. కానీ సుప్రీంకోర్టుకి అందిన రిపోర్టులోనే అక్కడ నెమళ్లు, జింకలు ఉన్నాయని, దాదాపు 100 ఎకరాలు చదును చేశారని ఉంది కదండీ, అది చూసే కదా కోర్టు ఏప్రిల్ 3న పని ఆపమంది. ఆ రోజుల్లోనే క్యాంపస్‌లో కుక్కలు కరిచి ఒక జింక చచ్చిపోయింది. ఇవన్నీ కళ్లముందు జరుగుతుంటే బొమ్మల గురించి వాదన పెట్టుకోవడం ఎంతవరకు న్యాయం? అప్పుడు నల్లమలకి గొంతు కలిపిన పార్టీయే ఇప్పుడు ఇలా మాట్లాడితే మేం ఎవరి దగ్గరికి పోవాలి?

అంత పేరున్న వాళ్లకే ఇలా జరిగితే రేపు ఇంకో హీరోయినో క్రికెటరో అడవి కోసం నోరు తెరుస్తారా? భయపడతారు. మొక్క నాటి ఫొటో దిగి వెళ్లిపోతారు, వాళ్లని తప్పుపట్టలేం కూడా. జంతువులకి ఓటు లేదు, వాటి తరఫున మాట్లాడే నలుగురు పెద్ద పేర్లు కూడా వెనక్కి తగ్గితే ఇంక ఎవరు మాట్లాడాలి మంత్రిగారూ, దయచేసి మీరే చెప్పండి.

దండం పెట్టి అడుగుతున్నాను. దత్తత ఇచ్చిన ప్రతి అడవి లెక్క ఏటా బయటపెట్టండి, డబ్బు ఇచ్చిన వాళ్లని కూడా తీసుకెళ్లి చూపించండి, మమ్మల్నీ చూడనివ్వండి. అమ్రాబాద్, కవ్వాల్ టైగర్ రిజర్వుల్లోని బేస్ క్యాంపులకి ఈ సెలబ్రిటీల్ని పంపండి, అక్కడ కాపలా కాసేవాళ్లతో మాట్లాడనివ్వండి. జంతువుల కోసం మాట్లాడినంత మాత్రాన ఎవరి మీదా కేసు ఉండదని మీ నోటితో ఒక్కసారి చెప్పండి. కంచ గచ్చిబౌలిలో పోయిన ఆ 100 ఎకరాల్ని మళ్లీ ఎలా నిలబెడతారో ప్లాన్ చెప్పమని సుప్రీంకోర్టే అడిగింది. ఆ ప్లాన్ జనం ముందు పెట్టండి, అందులో ఏయే చెట్లు వేస్తారో, ఎప్పట్లోగా వేస్తారో తేదీలతో సహా రాయండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక వన్యప్రాణి ప్రేమికుడు