మా ఫుట్‌బాల్ జట్టు యజమాని గారికి బహిరంగ లేఖ

అయ్యా,

క్లబ్బు మీది, డబ్బు మీది. కాదనడం లేదు. కానీ ఎవరు ఆడాలో కూడా మీరే తేల్చేస్తే ఇక కోచ్ ఎందుకు? మొన్న విరామం కాగానే మీరు గ్యాలరీ దిగి డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లారు. రెండో సగంలో మైదానం మధ్యలో ఎదుటివాళ్ల దాడుల్ని అడ్డుకునే మన ఒకే ఒక్క డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ బెంచీ మీద కూర్చున్నాడు, మీరు ముచ్చటపడి కొన్న స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టాల్సిన ఆటగాడు, మైదానంలోకి వచ్చాడు. మధ్యలో ఏర్పడిన ఆ ఖాళీలోంచే రెండు గోల్స్ తిన్నాం. కోచ్ చేతులు కట్టుకుని నేలచూపులు చూశారు. ఆ నిర్ణయం ఎవరిదో స్టేడియమంతటికీ అర్థమైంది.

ఓటమికి మాత్రం కోచే బాధ్యుడు! కొత్త కోచ్ తన పద్ధతి నేర్పేలోపే ఉద్వాసన.

బ్రిటన్‌లోని వేల్స్‌కు చెందిన కార్డిఫ్ సిటీ క్లబ్బు యజమాని 2012లో నీలి జెర్సీని ఎరుపు చేశారు. మరుసటి ఏడాదే జట్టు ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌కు చేరినా అభిమానుల కోపం చల్లారలేదు. 2015లో నీలం తిరిగి తేక తప్పలేదు. గెలిచి పైకెళ్లిన జట్టు సంగతే అది, మనమేమో ఓడుతున్నాం.

ఆటగాళ్ల కొనుగోలును ఆట తెలిసినవారికి అప్పగించండి. కోచ్‌కు ఒక సీజన్ పూర్తిగా ఇవ్వండి. విరామంలో దయచేసి మీ కుర్చీలోనే ఉండండి. ఏం కావాలన్నా అక్కడికే తెచ్చిపెడతారు.

ఇట్లు,
ఇంకా టికెట్ కొంటున్న ఒక అభిమాని