నోకియా మునిగింది ఓఎస్ ఎంపికతో కాదు

సంపాదకులకు,

ఆండ్రాయిడ్‌ను కాదని విండోస్‌ను నెత్తికెత్తుకోవడం వల్లే నోకియా మునిగిందని మీ టెక్నాలజీ పేజీలో రాశారు. అందులో సగమే నిజం. ఏ ఓఎస్‌ను (ఫోన్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను) ఎంచుకుందన్నది ఒక సంగతైతే, ఆ మాటను ఎప్పుడు, చేతిలో ఏముండగా చెప్పిందన్నది ఇంకో సంగతి. మా లెక్కలో కొంప ముంచింది ఈ రెండోదే.

2011 ఫిబ్రవరి 11న సీఈఓ స్టీఫెన్ ఎలాప్ ఇకపై తమ ప్రధాన స్మార్ట్‌ఫోన్లకు విండోస్ ఫోనే అని ప్రకటించారు. ఆ రోజుకు నోకియా దగ్గర అమ్మడానికి ఒక్క విండోస్ ఫోనూ లేదు. మొదటిదైన లూమియా 800ను చూపించింది అక్టోబర్ చివర్లో. ఈలోపు ఎనిమిది నెలలు సంస్థ బతకాల్సింది తన పాత ఓఎస్ అయిన సింబియన్ ఫోన్ల మీదే. కంపెనీయే చావు కబురు చెప్పాక ఆ ఫోన్ ఎవరు కొంటారు, ఏ షాపువాడు స్టాకు పెడతాడు? 2010 చివరి మూడు నెలల్లో 2.83 కోట్ల స్మార్ట్‌ఫోన్లు అమ్మిన సంస్థ, 2011 ఏప్రిల్-జూన్‌కు 1.67 కోట్లకు దిగిపోయింది. నోకియా విండోస్ ఫోన్ బాగుందో లేదో అప్పటికి కొనేవాళ్లు ముట్టుకుని చూడనైనా లేదు. మీగో అనే మరో ఓఎస్‌తో వచ్చిన ఎన్9 కూడా అదే ఏడాది బయటికొచ్చింది. ముందువైపు ఒక్క బటనూ లేదు, తెర అంచు నుంచి వేలితో తోస్తే చాలు, యాప్ పక్కకు తప్పుకునేది. చక్కటి ఫోను, కానీ దాని వెనక మరొకటి రాదని అందరికీ ముందే తెలుసు.

ఆండ్రాయిడ్‌కు పోయి ఉంటే గట్టెక్కేదా? అదీ గ్యారంటీ లేదు. నోకియా 810 కోట్ల డాలర్లు పోసి నావ్‌టెక్ మ్యాపుల సంస్థను కొనుక్కుంది. గూగుల్ గొడుగు కిందికి వెళ్తే ఆ మ్యాపులకు చోటేదన్న ప్రశ్న ఉంది. పదిమందిలో ఒకరమైపోతామన్న భయమూ ఉత్తిదేం కాదు. ఆండ్రాయిడ్‌నే నమ్ముకున్న ఎల్‌జీ 2021లో ఫోన్ల దుకాణం కట్టేసింది కదా.

రెండో దెబ్బ లోపలి కట్టుబడిలో ఉంది. నోకియా మొదట వాడిన విండోస్ ఫోన్ 7కి పునాది పాత విండోస్ సీఈ కెర్నల్ (ఓఎస్‌కు గుండెలాంటి భాగం). ఒకే కోర్ ఉన్న ప్రాసెసర్, 800×480 తెర, అంతే. పాటలు ఎక్కించాలంటే కంప్యూటర్‌లో జూన్ అనే ప్రోగ్రాం వేసుకోవాలి. లూమియా 800లో వచ్చిన 7.5 వెర్షన్‌లో బ్లూటూత్‌తో పక్కవాడికి ఫైలు పంపడం కుదరదు. సింబియన్ ఫోన్లలో పాటలన్నీ బ్లూటూత్‌తోనే చేతులు మారిన మన దగ్గర ఇది చిన్న లోటు కాదు. తర్వాత మైక్రోసాఫ్ట్ కంప్యూటర్ విండోస్‌లో ఉండే ఎన్‌టీ కెర్నల్‌తో విండోస్ ఫోన్ 8 తెచ్చింది. మల్టీకోర్ చిప్పులకు, మెరుగైన తెరలకు అది అవసరమే. కానీ 2012 జూన్‌లో ఆ ప్రకటనతోపాటే పాత ఫోన్లకు ఈ వెర్షన్ రాదని తేల్చేశారు. లూమియా 900 అమెరికాలో ఏటీ అండ్ టీ షాపుల్లోకి వచ్చింది ఏప్రిల్‌లోనే! మూడు నెలలైనా నిండకముందే అది పాత సరుకైపోయింది. కంటితుడుపుగా 7.8 ఇచ్చారు, అందులో చెప్పుకోదగ్గది హోమ్ తెర మీద టైల్స్ సైజు మార్చుకునే వీలే. 8 కోసం రాసిన యాప్‌లు 7లో నడవవు, కాబట్టి పాత ఫోన్ల కోసం మళ్లీ యాప్ రాసేవాడు లేడు.

విండోస్ ఫోన్ 8తో వచ్చిన లూమియా 520 మన దేశంలో బాగానే అమ్ముడుపోయింది. రూ.10 వేల పైచిలుకు ధర, 512 ఎంబీ ర్యామ్. టెంపుల్ రన్ ఆట విండోస్ ఫోన్లకు వచ్చిన కొత్తలో 1 జీబీ ర్యామ్ ఉంటేనే ఎక్కేది. 2016లో విండోస్ 10 మొబైల్ అప్‌డేట్ ఇచ్చినప్పుడు 520 ఆ జాబితాలో లేదు, అంటే అదే కథ రెండోసారి. ఆ ఏడాది చివర, నోట్ల రద్దు రోజుల్లో వచ్చిన భీమ్ యాప్ కూడా ముందు ఆండ్రాయిడ్‌కు, తర్వాత ఐఫోన్‌కు వచ్చింది. విండోస్ ఫోను చేతిలో ఉన్నవాళ్లకు రాలేదు. అప్పటికే, 2015 జులైలో, మైక్రోసాఫ్ట్ సీఈఓ, మన హైదరాబాద్‌కు చెందిన సత్య నాదెళ్ల, తమ సంస్థ కొన్న నోకియా ఫోన్ల వ్యాపారం తాలూకు 760 కోట్ల డాలర్లను నష్టాల పద్దులో రాయించేశారు. చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూర్ నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబర్‌లోనే మూతపడింది.

దేశీ ఓఎస్ ఫోన్ల మాట మళ్లీ వినిపిస్తోంది గనక కొనేవాళ్లకు ఒక మాట. వాటిలో ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ (గూగుల్ ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇచ్చే ఆండ్రాయిడ్ మూల కోడ్) మీద కట్టినవాటిలో యాప్ ఇన్‌స్టాల్ అవడం పెద్ద విషయం కాదు. చిక్కంతా గూగుల్ సర్వీసులు లేనప్పుడు వస్తుంది. నోటిఫికేషన్లు ఆలస్యంగా రావచ్చు, లేదా అసలు రాకపోవచ్చు. ఫోన్ నమ్మదగినదో కాదో గూగుల్‌ను అడిగి గానీ తెరుచుకోని బ్యాంకు యాప్ మొరాయిస్తుంది. అందుకే షాపులోనే మీ సిమ్ వేసి, మీరు వాడే యూపీఐ యాప్‌ను ఎక్కించండి. రిజిస్ట్రేషన్‌కు ఎస్సెమ్మెస్ ఆ సిమ్ నుంచే వెళ్లాలి, వెళ్లిందో లేదో చూడండి. ఇంట్లోవాళ్లకు ఒక్క రూపాయి పంపండి. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేసి, యాప్ తెరుచుకుంటుందేమో చూడండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ (భద్రతా లోపాల సవరణలు ఏ తేదీ వరకు అందాయో చెప్పేది) వెతకండి. అది ఆరు నెలలు దాటి ఉంటే, షాపువాడు “అప్‌డేట్ వస్తుంది సార్” అన్నా సరే, ఫోన్ కౌంటర్ మీద పెట్టి వచ్చేయండి.

— ఇద్దరు మొబైల్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, హైదరాబాద్