నగరి అక్కకు, ఇంకా అందరికీ

నిన్న సాయంత్రమే ఇంటికొచ్చాను. ఒళ్లింకా తూలుతోంది. ఎక్కువ మాట్లాడొద్దన్నారు కాబట్టి రాస్తున్నా.

థైరాయిడ్ గడ్డ తీశారు. గొంతుకు వెళ్లే నరం ఆ గడ్డను ఆనుకునే ఉంటుందట. మెలకువొచ్చి ‘నీళ్లు’ అనబోతే గాలి తప్ప మాట రాలేదు. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తిరిగొస్తుందని డాక్టరుగారు చెప్పారు. నేనేమో తిరుపతిలో పిల్లలకు అన్నమయ్య కీర్తనలు నేర్పుకుంటూ బతికేదాన్ని. ఆ ‘చాలామంది’లో నేనుంటానా లేదా అనే టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర లేదు.

మా ఆయన సెలవు పెట్టి వార్డు బయటే పడుకున్నారు. అమ్మ వంట చూసుకుంది, చెల్లి పిల్లల్ని చూసుకుంది. వీళ్లకు థాంక్స్ చెబితే తిడతారు.

చెప్పాల్సింది పక్క మంచం అక్క గురించి. నగరిలో మరమగ్గం మీద పనిచేస్తుంది. వాళ్ల అత్తకు తోడుగా వచ్చింది. నేను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాత సినిమాల నటి, గాయని భానుమతి పాటలు వింటూ ఏడుస్తుంటే చూసి, ఎవరి పాటలని అడిగింది. ఫోన్‌లో టైప్ చేసి చూపించా. ‘మా నాయనకు ఆయమ్మంటే ప్రాణం పాపా. ఆయమ్మ రాసిన పుస్తకం మా ఇంట్లో ఉండాది’ అంది. భానుమతి ఆత్మకథ, ‘నాలో నేను’. ఆ మర్నాడే వాళ్ల అత్తను డిశ్చార్జ్ చేశారు. అంతటితో అయిపోయిందనుకున్నా.

రెండ్రోజులకు అక్క మళ్లీ వచ్చింది. నగరి నుంచి పుత్తూరు మీదుగా బస్సులో, ఆ రోజు కూలి వదులుకుని, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసిన ఆ పుస్తకం పట్టుకుని. వాళ్ల నాయన టూరింగ్ టాకీస్‌లో గేటు దగ్గర ఉండేవాడట. ఆయన పోయాక ఇంట్లో ఎవరూ దాన్ని తీయలేదట. నాకు ఆమె ఎవరు? మంచం పక్క మంచం, అంతే. కుట్లు లాగుతాయి ఏడవొద్దని నర్సమ్మ అరుస్తున్నా ఆగలేదు.

ఇచ్చి వెళ్లిపోలేదు కూడా. సాయంత్రం బస్సు వేళ దాకా కూర్చుని చదివి వినిపించింది. తమిళం కలిసిన నగరి తెలుగు, కూడబలుక్కుని చదవడం. ‘అత్తగారి కథలు’ అని నవ్వించే కథలు రాసిన భానుమతి చెయ్యి కదా, నవ్వు ఆపుకోవడం కష్టం. నవ్వితే మెడ నొప్పి. వెళ్తూ ‘గొంతు యాడికీ పోదు, చదువుకో’ అంది.

తర్వాత నేనే చదివాను. భానుమతి 1939లో పద్నాలుగేళ్లయినా నిండకుండా ‘వరవిక్రయం’లో నటించింది. పెళ్లయ్యాక సినిమాలు వద్దనుకుని, ‘స్వర్గసీమ’తో మళ్లీ వచ్చింది. ఆమె గొంతు నాకు తెలుసు గానీ, ఆ గొంతు ఒక్కదాని మీదే బతకలేదన్న సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. రాసింది, సినిమాలు తీసింది, కొడుకు పేరుతో భరణి స్టూడియో నడిపింది, ‘చండీరాణి’ని మూడు భాషల్లో తనే డైరెక్ట్ చేసింది. ఆమెలో నాకు నచ్చేది ఆ పొగరే. మనకిక్కడ పాడే ఆడపిల్ల అణిగిమణిగి ఉంటేనే మెచ్చుకుంటారు. మంచం మీదే నోట్‌బుక్ తెప్పించుకుని పిల్లల కోసం కీర్తనలకు స్వరాలు రాయడం మొదలుపెట్టా. ఇన్నేళ్లూ నోటితో చెప్పేశాను, కాగితం మీద పెట్టే ఓపిక ఎప్పుడూ లేదు. ఇప్పటికి సగం నోట్‌బుక్ నిండింది.

ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. తిరుపతి 2022లో వేరే జిల్లా అయింది. నా ఆధార్‌లో తిరుపతి, ఆపరేషన్‌కు చూపించాల్సిన ఆరోగ్య కార్డులో ఇంకా చిత్తూరు. మేము ఇల్లు మారలేదు, వాళ్లే జిల్లా మార్చారు. దానికి ఒక కౌంటర్‌లో ‘ఇక్కడ కాదు’, ఇంకో కౌంటర్‌లో ‘సర్వర్ డౌన్’. ఆ కార్డు మీద ఆపరేషన్‌కు అప్రూవల్ రాలేదని, తెల్లారి నుంచి ఖాళీ కడుపుతో ఉన్న మనిషిని థియేటర్ గుమ్మం దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చారు. పక్కన ఎవరూ లేని ముసలివాళ్ల గతేంటి? సరే, వద్దులే, మళ్లీ బీపీ పెరుగుతుంది.

నైట్ డ్యూటీ నర్సమ్మలకు, మత్తు ఇచ్చే ముందు చెయ్యి పట్టుకున్న డాక్టరమ్మకు కృతజ్ఞతలు. అయ్యో, క్యాంటీన్‌లో రాగిజావ పలచగా కాచి ఇచ్చిన అన్నను మరిచేపోయా. డబ్బులు తర్వాత ఇవ్వమన్న ఆటో అన్నను కూడా. నేను లేనన్నాళ్లూ క్లాసు ఆగకుండా చిన్నపిల్లలకు సరళీస్వరాలు చెప్పిన నా పాత స్టూడెంట్‌కు పెద్ద థాంక్స్. కింది పోర్షన్ ఆంటీ, మీ టిఫిన్ క్యారియర్ ఇక్కడే ఉంది, పంపిస్తా.

అక్క పేరు రాయొద్దంది, రాయడం లేదు. పుస్తకం అయిపోగానే నేనే నగరి వచ్చి ఇస్తా. మిగతావాళ్లు దయచేసి ఫోన్ చేయొద్దు, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. ఎత్తినా నా మాట మీకు వినపడదు.