కారులో నాయనమ్మ గొంతు

కొలంబస్, ఒహాయో
నవంబరు 14, 2010

పూజ్యులైన నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను. తమ్ముడు మీకు పాటల ప్లేయర్ కొనిచ్చి అందులో నాయనమ్మ పాటలన్నీ ఎక్కించాడనీ, ఇంట్లో చెవులకు పెట్టుకుని వింటున్నారు గానీ రాజమండ్రి నుంచి ఊరికి వెళ్ళేటప్పుడు కారులో అమ్మతో కలిసి వినాలంటే ఎలా కలపాలో తెలియడం లేదనీ మీరు వ్రాసిన ఉత్తరం మొన్న అందింది. ఫోనులో రెండు మాటల్లో చెప్పవచ్చు. కానీ ఈ రెండేళ్ళలో నేను మూడు దారులు తొక్కి చూశాను. ఏ దారిలో ఏ లోపం ఉందో, దానికి కారణమేమిటో తెలిస్తే తప్ప మీకు తృప్తి కలగదని నాకు తెలుసు. అందుకే తీరికగా ఉత్తరం వ్రాస్తున్నాను.

1984 సంక్రాంతికి మీరు వసారాలో టేపురికార్డరు పెట్టి నాయనమ్మ చేత పాడించిన మేలుకొలుపు మీకు గుర్తుండే ఉంటుంది. రెండో చరణం మధ్యలో ఆవిడ పాట ఆపి, గొంతు తగ్గించి, "ఒరే, ఆ దూడని కట్టెయ్యండర్రా" అని, మళ్ళీ ఆపిన చోటే అందుకుంటుంది. 2008 వేసవిలో నేను వచ్చినప్పుడు ఆ క్యాసెట్లన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను కదా. అప్పటి నుంచి కారులో ఏ పద్ధతి పెట్టి చూసినా నేను కొలిచేది ఆ ఒక్క మాటతోనే. పాట ఎలాగూ వినిపిస్తుంది. దూడ మాట వినిపించిందంటే ఆ పద్ధతి మంచిదని లెక్క.

మా కారు 2003 నాటి టొయోటా కామ్రీ. దానిలో రేడియో, సీడీ, క్యాసెట్ ఉండేవి గానీ ప్లేయర్ తీగ దూర్చడానికి రంధ్రమంటూ లేదు. అందుచేత మొదట కొన్నది ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్. దాన్ని సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చి, నా పాటల ప్లేయర్ ఐపాడ్‌ను దానికి తగిలిస్తే, అది ఒక చిన్న రేడియో స్టేషన్ లాగా ఎఫ్.ఎం.లో మనం ఎంచుకున్న అంకె (ఫ్రీక్వెన్సీ) మీద పాటను ప్రసారం చేస్తుంది. కారు రేడియోను అదే అంకె దగ్గరికి తిప్పితే పాట వస్తుంది. తీగలు విప్పనక్కరలేదు, ఏదీ కోయనక్కరలేదు. కానీ ఇక్కడి చట్టం ఇటువంటి వాటికి చాలా స్వల్పమైన శక్తినే అనుమతిస్తుంది. మూడు మీటర్ల దూరంలో సంకేతం బలం మీటరుకు 250 మైక్రోవోల్టులకు మించకూడదు. పైగా మా కారు యాంటెన్నా వెనుక అద్దంలో ఉంది, ట్రాన్స్‌మిటర్ ముందు భాగంలో ఉంది. ఇంత బలహీనమైన సంకేతం నిలబడాలంటే ఆ అంకె మీద ఇంకే స్టేషనూ ఉండకూడదు. వారానికొకసారి నేను ఉద్యోగం పని మీద సిన్సినాటి వెళ్తాను. సుమారు 170 కిలోమీటర్లు. కొలంబస్‌లో ఖాళీగా ఉన్న అంకె జెఫర్సన్‌విల్ దాటేసరికి ఖాళీగా ఉండదు. నాయనమ్మ పాడుతూ ఉండగా ఎవరో పాస్టరుగారి ప్రసంగం మీద పడి ఆవిడ గొంతును మింగేసేది. మరొక అంకె వెతికి రెండు చోట్లా మార్చాలి, అదీ హైవే మీద కారు నడుపుతూ. అది ప్రమాదమని నాకు త్వరగానే అర్థమయింది. ఖాళీ అంకె దొరికినప్పుడు కూడా బుసలాంటి సన్నని హోరు ఉంటూనే ఉండేది. దూడ మాట ఒక్కసారి కూడా వినబడలేదు. మీరు ఈ దారి వైపు పోవద్దని నా మనవి.

రెండో దారి క్యాసెట్ అడాప్టర్. మీ కారులో ఉన్నది క్యాసెట్ స్టీరియోయే కనుక మీకు కావలసింది ఇదే. చూడటానికి మామూలు క్యాసెట్ లాగే ఉంటుంది, కానీ లోపల టేపు ఉండదు. స్టీరియోలో టేపును చదివే హెడ్‌కు ఎదురుగా వచ్చే చోట దీనికీ ఒక చిన్న హెడ్ ఉంటుంది. దానికి కట్టిన సన్నని తీగ బయటికి వచ్చి, ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలోకి వెళ్తుంది. మీరు ఇంటర్మీడియట్ పిల్లలకు ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ వేసి, ప్రైమరీ చుట్టలో కరెంటు మారుతూ ఉంటే తాకకుండానే సెకండరీలో వోల్టేజి పుడుతుందని చెప్పేవారు కదా, ఇక్కడ జరిగేది అచ్చంగా అదే. ప్లేయర్ పంపే కరెంటు అడాప్టర్ హెడ్‌లో మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, స్టీరియో హెడ్ దాన్ని టేపు మీది ముద్ర అనుకుని చదువుతుంది. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున టేపు కదలవలసిన చోట ఏదీ కదలదు. లోపల కొన్ని పళ్ళ చక్రాలు మాత్రం, టేపు తిరుగుతోందని స్టీరియో నమ్మడానికి, ఊరికే తిరుగుతూ ఉంటాయి. మొదటిసారి దీన్ని విప్పి చూసినప్పుడు మీరు పక్కన ఉంటే బాగుండునని ఎంతగానో అనిపించింది.

దీన్ని పెట్టే ముందు మీరు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. స్టీరియో హెడ్‌ను మునుపటి లాగే దూదికి స్పిరిట్ అద్ది తుడవండి. మురికి పట్టిన హెడ్ సన్నని ధ్వనులను ముందుగా పోగొడుతుంది. ఆ తరువాత డాల్బీ మీట ఉంటే ఆపివేయండి. టేపు మీది బుసను తగ్గించడానికి రికార్డింగులో పెంచిన సన్నని ధ్వనులను వినిపించేటప్పుడు తగ్గించడమే దాని పని. మన ప్లేయర్ నుంచి వచ్చే పాటలో ఆ పెంపు లేదు కనుక, అది ఉన్నదాన్నే తగ్గించి గొంతుకు దుప్పటి కప్పినట్టు చేస్తుంది. నేను మూడు వారాలు ఇది గమనించక అడాప్టర్‌నే అనుమానించాను. అడాప్టర్ పెట్టాక ఏ ధ్వనీ రాకపోతే కంగారు పడకండి. రెండు వైపులా వినిపించే స్టీరియో అయితే అది రెండో వైపుకు తిరిగి ఉంటుంది. వైపు మార్చే మీట ఒకసారి నొక్కితే పాట వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ధ్వని స్థాయి. ప్లేయర్ వాల్యూమ్‌ను ముప్పాతిక దగ్గర ఉంచి, మిగిలినది స్టీరియో దగ్గర సరిచేసుకోవాలి. ప్లేయర్‌ను పూర్తిగా పెంచితే గొంతు చీలిపోతుంది. బాగా తగ్గించి స్టీరియోను పెంచితే పాటతో పాటు యంత్రం బుస కూడా పెరుగుతుంది. ఒకసారి కుదిరాక ప్లేయర్ వాల్యూమ్ జోలికి మళ్ళీ వెళ్ళకండి. ఈ పద్ధతిలో నేను దాదాపు రెండేళ్ళు విన్నాను. కిటికీలు మూసి, నెమ్మదిగా వెళ్తూ ఉంటే దూడ మాట స్పష్టంగా వినబడేది.

ఈ ఆగస్టులో మా స్టీరియో క్యాసెట్‌ను లోపలికి తీసుకున్న వెంటనే బయటికి నెట్టడం మొదలుపెట్టింది. అడాప్టర్ మార్చి చూసినా, అసలు క్యాసెట్ పెట్టి చూసినా అంతే. బాగుచేయించే ఖర్చుతో కొత్తదే వస్తుందని తెలిసి, ముందు వైపు ఆక్స్ రంధ్రం, అంటే ప్లేయర్ తీగను నేరుగా దూర్చే రంధ్రం, ఉన్న స్టీరియో తెచ్చుకున్నాము. ఇదే మూడో దారి. మీ అల్లుడుగారూ నేనూ కలిసి ఒక శనివారం దాన్ని బిగించాము. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాము. కారు తీగలను కోయకుండా మధ్యలో తగిలించే కనెక్టరు దొరుకుతుంది, దాన్ని బల్ల మీదే కొత్త స్టీరియో తీగలతో అతికించుకున్నాము. పసుపు తీగ ఎప్పుడూ పన్నెండు వోల్టులు ఇచ్చేది, ఎర్రది తాళం తిప్పినప్పుడే ఇచ్చేది, నల్లది ఎర్త్. పసుపు, ఎర్ర తీగలను కలిపేస్తే బ్యాటరీ దిగిపోతుంది, తారుమారు చేస్తే స్టీరియో గడియారాన్నీ స్టేషన్లనూ మరచిపోతుంది. ఇందులో మాకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది ఆ తరువాత వచ్చింది. ఐపాడ్‌ను ఆక్స్ రంధ్రానికి కలిపి, ఛార్జింగ్ తీగను సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి బయలుదేరగానే పాట వెనుక ఒక ఈల మొదలయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల స్వరం పైకి వెళ్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. నాయనమ్మ శ్రుతికి అది ఎక్కడా కలవదు. రెండేళ్ళు ఏ సమస్యా లేకుండా విన్న పాట, ఖరీదైన స్టీరియో తెచ్చాక పాడయిపోయిందే అని చాలా బాధపడ్డాను. చివరకు ఛార్జింగ్ తీగ లాగేసిన మరుక్షణం ఈల ఆగిపోవడం గమనించాక కారణం దొరికింది. ప్లేయర్‌కు ఎర్త్ రెండు దారుల్లో అందుతోంది: ఒకటి సాకెట్ నుంచి, రెండోది ఆక్స్ తీగ ద్వారా స్టీరియో నుంచి. కారు ఇనుప దేహంలో ఈ రెండు చోట్ల వోల్టేజి ఖచ్చితంగా ఒకటే కాదు. ఇంజనుతో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఇచ్చే కరెంటులోని అలలు ఆ తేడాను కదిలిస్తూ ఉంటాయి. రెండు ఎర్త్‌లూ కలిసి ఒక వలయం ఏర్పడితే ఆ అలలు పాట తీగలోకే ప్రవహిస్తాయి. ఇంజను వేగంతో ఆల్టర్నేటరు వేగం, దానితో ఈల స్వరం మారుతాయి.

దీనికి మందు గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా. ఆక్స్ తీగ మధ్యలో దాన్ని తగిలిస్తే చాలు. అందులో ఉన్నవేమిటో మీరు ఊహించే ఉంటారు. కుడి చానెల్‌కు ఒకటి, ఎడమ చానెల్‌కు ఒకటి, రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. పాట అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది, ఎర్త్ దాటలేదు, వలయం తెగిపోతుంది. నాన్నగారూ, క్యాసెట్ అడాప్టర్‌తో ఈల ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది నాకు. అక్కడ కూడా ప్లేయర్‌కూ స్టీరియోకూ మధ్య తీగ బంధమే లేదు, ఉన్నది అయస్కాంత క్షేత్రమే. పాతదని నేను చిన్నచూపు చూసిన ఆ ప్లాస్టిక్ క్యాసెట్ రెండేళ్ళ పాటు నాకు తెలియకుండానే ఈ ఐసొలేటర్ పని కూడా చేసింది. ఇది మీకు చెప్పాలనే ఆతృతతోనే ఉత్తరం ఇంత పెద్దదయింది. ఐసొలేటర్లలో చవకవి లావు ధ్వనులను కొంత తగ్గిస్తాయి గానీ, నాయనమ్మ గొంతులో తగ్గడానికి అంత లావు ధ్వనులు లేవు.

మీకు ఇప్పుడు ఐసొలేటర్ అవసరం లేదు. ముందు ముందు తమ్ముడు మీ స్టీరియో మార్పిస్తే మాత్రం ఈ సంగతి వాడికి గుర్తు చేయండి. అప్పుడు కూడా ఛార్జింగ్ పెట్టకుండా వింటే ఈల రాదు. ఊరికి పోయి వచ్చే గంటన్నర ప్రయాణానికి దారిలో ఛార్జింగ్ ఎందుకు? ఇంట్లోనే నింపుకుని బయలుదేరండి. పాటల వరుస ముందే పెట్టి ప్లేయర్‌ను అమ్మ చేతికి ఇవ్వండి, స్టీరింగ్ దగ్గర మీరు దాన్ని ముట్టవద్దు. దిగేటప్పుడు కారులో వదిలేయవద్దు. నా ఐపాడ్‌లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంది, దాన్ని 0 నుంచి 35 డిగ్రీల మధ్యనే వాడాలనీ, వాడనప్పుడు కూడా 45 డిగ్రీలు దాటిన చోట ఉంచకూడదనీ తయారీదారులే చెబుతారు. ఇక్కడ జనవరి చలికీ, అక్కడ మే నెలలో తలుపులు మూసిన కారు వేడికీ ఆ హద్దులు సరిపోవు. మీ ప్లేయర్‌కు డిస్క్ లేకపోయినా బ్యాటరీకి వేడి పడదు.

డిసెంబరులో మా పక్క వీధి వారు కాకినాడ వస్తున్నారు. వారి చేతికి క్యాసెట్ అడాప్టర్లు రెండు పంపుతున్నాను, ఒకటి మీ స్టీరియోకు కుదరకపోతే మరొకటి ఉంటుంది. తీగ ఏ వైపు నుంచి బయటికి రావాలన్నది స్టీరియో తలుపును బట్టి మార్చుకునే వీలు రెండింటికీ ఉంది. ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతోంది. కార్తీక మాసం కదా, ఇంట్లో దీపం పెట్టి ఇది వ్రాస్తున్నాను. అమ్మకు నా నమస్కారాలు చెప్పండి. అడాప్టర్ అందాక మొదటిసారి ఊరికి వెళ్ళేటప్పుడు మేలుకొలుపు పెట్టి, గోదావరి వంతెన మీద కాకుండా రోడ్డు నున్నగా ఉన్న చోట వినండి. దూడ మాట ఇద్దరికీ వినబడిందో లేదో, వాల్యూమ్ ఎంత దగ్గర కుదిరిందో తిరుగు ఉత్తరంలో వ్రాయండి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి