బ్రాకెట్ పెట్టలేదని ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది

సంపాదకులు గారికి నమస్కారం.

మాది గజపతినగరం దగ్గర ఊరు. సొంత మినీ లారీ ఉంది, దానికి ఓనర్నీ నేనే డ్రైవర్నీ నేనే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి ఒడిశా వైపు లోడు దించి, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది వేసుకొస్తాను. ఈ ఉత్తరం ఎందుకంటే నా ఇంజిన్ పట్టేసింది, పట్టేసిన కారణం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీలేదు, అరచెయ్యంత ఇనప పట్టీ ఒకటి లేకపోవడం.

రెండు నెలల కిందట ఆయిల్ చాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, దగ్గర లీకవుతోందని ఒక గ్యారేజీలో చాంబర్ దింపించి ప్యాకింగ్ మార్పించాను. లీకు ఆగింది, డబ్బులిచ్చేశాను, బిల్లు వాళ్ళివ్వలేదు నేనూ అడగలేదు. ఆ తర్వాత ఒకరోజు ఘాట్‌లో ఆయిల్ లైటు మిణుక్కుమంది. బండి పక్కకి తీసి డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ ఫుల్లు, కింద ఒక్క చుక్క కూడా కారట్లేదు. వెనకొచ్చిన డ్రైవరన్న "సెన్సారు పోయుంటాది, పోనియ్" అన్నాడు, నేనూ పోనిచ్చాను, అది నా తప్పే ఒప్పుకుంటాను. తిరుగు ట్రిప్పులో రామభద్రపురం వచ్చేసరికి ఇంజిన్‌లో టకటకమని మొదలై కాసేపటికే ఆగిపోయింది.

తాడు కట్టి లాక్కెళ్తే ఒక ముసలి మెకానిక్ చాంబర్ విప్పి టార్చి వేసి చూపించాడు. ఆయిల్ పంపుకి ఒక పికప్ పైపు ఉంటుంది కదా, చివర జాలీ ఉండి చాంబర్ అడుగు నుంచి ఆయిల్ పీల్చేది. ఆ పైపు ఒక కొస పంపుకి బోల్టులతో బిగించి ఉంటుంది, రెండో కొస గాల్లోనే వేలాడుతుంది, అందుకే మధ్యలో ఒక బ్రాకెట్ పెట్టి బేరింగ్ క్యాప్‌కి బిగిస్తారు. నా బండిలో ఆ బోల్టు కన్నం ఖాళీ, కన్నం లోపలంతా నల్లటి మడ్డి. "బాబూ, ఇది ఈవేళ ఊడింది కాదు, ఆలు బిగించనే నేదు" అన్నాడాయన. పట్టు లేక పైపు రెండు నెలలపాటు అదిరి అదిరి పంపు దగ్గర, సరిగ్గా అతుకు మీద వెంట్రుకంత చీలిక వచ్చింది. ఆ చీలిక ఆయిల్ మట్టానికి పైన ఉంది కాబట్టి కారదు, గాలి పీలుస్తుంది అంతే. కొబ్బరిబొండంలో వేసిన స్ట్రాకి పైన చిల్లు పడితే ఎంత పీల్చినా నోట్లోకి గాలే వస్తుంది చూడండి, అలాగన్నమాట. డిప్‌స్టిక్ చెప్పేది ఆయిల్ ఎంతుందో, లైటు చెప్పేది ప్రెషర్ ఉందో లేదో, రెండూ ఒకటి కాదని నాకు ఆరోజే తెలిసింది. ఆయిల్ అందక బేరింగులు కొట్టేశాయి, వాటిలో తిరిగే క్రాంకు లేత్ షాపుకెళ్ళింది, అన్నీ కలిపి 47 వేలు, పైగా 11 రోజులు బండి లేదు.

పాత గ్యారేజీకెళ్ళి అడిగితే దెబ్బలాడలేదు పాపం, ఉన్నమాటే చెప్పారు. "విప్పేసరికే ఆ బ్రాకెట్ విరిగుందన్నా, విడిగా దొరకదు, పైపుతో కలిపి తెప్పించాలి, నువ్వేమో అర్జెంటన్నావ్, పైపు గట్టిగానే ఉందని బిగించేశాం" అన్నారు. నేను అర్జెంటన్నమాట నిజమే. కానీ ఆ మాట అప్పుడే చెప్పుంటే లేత్ షాపులో ఇనప పట్టీ వంచి రెండు కన్నాలు వేయించుకునేవాణ్ణి, ఇప్పుడు నా బండిలో ఉన్నది అదే, 350 రూపాయలు.

మన దగ్గర మెకానిక్కులు పనిరానోళ్ళని నేననను, సాలూరు లారీలు ఇన్నేళ్ళుగా ఘాట్లెక్కుతున్నాయంటే వీళ్ళ చేతుల వల్లే. రాసివ్వడం అనేదే లేదు, నా గొడవంతా దాని గురించే. ఏం విప్పారు, ఏం మార్చారు, ఏది బిగించకుండా వదిలేశారు, ఒక చీటీ మీద రాసి పాత సామాను చేతిలో పెడితే ఏం పోతుంది? రిపేరు చేసి బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పేనంట. బతుకుతెరువుకి సొంతంగా బండి నడుపుకునేవాడు కూడా వినియోగదారుడి కిందకే వస్తాడు, రెండేళ్ళ లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, మనం కట్టిన డబ్బు 5 లక్షల దాకా అయితే ఫీజు కూడా లేదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా చెప్తారు. ఇవన్నీ నాకు ఇంజిన్ పోయాక మా మేనల్లుడు చెప్తే తెలిశాయి, చేతిలో చీటీ ముక్క లేకుండా ఏం పట్టుకెళ్ళను?

ఏటా డిసెంబర్ 24న వినియోగదారుల దినోత్సవం అని మీటింగులు పెడతారు కదా. అధికారులకి నా మనవి ఒక్కటే, ఈసారి ఆ మీటింగు ఆఫీసు హాల్లో కాకుండా విజయనగరంలోనో సాలూరులోనో మెకానిక్ షెడ్ల దగ్గర పెట్టండి, సాయంత్రం బళ్ళు తిరిగొచ్చే టైముకి. మెకానిక్కులకి తెలుగులో అచ్చు వేసిన రిపేరు చీటీల పుస్తకాలు తలా ఒకటి ఇవ్వండి, అందులో "బిగించనివి" అని ఒక గడి తప్పకుండా పెట్టించండి.

ఇట్లు,
ఒక మినీ లారీ డ్రైవరు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా.