టీబీ మందులు ఎందుకు మానకూడదో చెప్పండి

టీబీ రోగులకు మందులు మానొద్దని చెబుతున్నారే తప్ప, ఎందుకో ఎవరూ వివరించడం లేదు. ఆరు నెలల కోర్సులో కీలకమైన మందు రిఫాంపిసిన్. టీబీ క్రిమి బతకాలంటే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ దాని డీఎన్ఏ పోగులను కాస్త విడదీసి, ఒక పోగును చదువుతూ అక్షరం వెంట అక్షరం చేర్చి ఆర్ఎన్ఏ నకలు తీయాలి. రిఫాంపిసిన్ సరిగ్గా ఆ నకలు బయటికొచ్చే దారికి అడ్డుపడుతుంది. రెండు మూడు అక్షరాలకే పని ఆగిపోతుంది, క్రిమి చస్తుంది. కానీ ఆ ఎంజైమ్ జన్యువులో కీలకమైన చోట ఒక్క అక్షరం మారితే చాలు, మందు అక్కడ అతుక్కోదు. కోర్సు సగంలో ఆపితే అలాంటి మొండి క్రిములే మిగిలి పెరిగే ప్రమాదం ఉంది. మా వీధిలో ఒకాయన దగ్గు తగ్గిందని, పైగా మూత్రం నారింజ రంగులో వస్తోందన్న టెన్షన్‌తో మాత్రలు ఆపేశారు. అది మందు రంగేనని, ప్రమాదం లేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు! మాత్రలిచ్చే మొదటి రోజే ఈ సంగతులన్నీ తెలుగులో, బొమ్మలతో రోగికీ ఇంట్లోవాళ్లకీ వివరించాలి. ఆశా కార్యకర్తలకూ ఇందులో శిక్షణ ఇవ్వాలి. మధ్యలో మానేసినవారిని వెతికి పట్టుకుని, రిఫాంపిసిన్‌కు లొంగని టీబీని గుర్తించే సీబీనాట్ పరీక్ష వెంటనే చేయించాలి.